వాయిద్యం లేనప్పుడు పాటను ఎవరు మోస్తారు?

ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో మన ఊళ్లలో చర్చికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. కీబోర్డు ఆగిపోతుంది, మైకు మూగబోతుంది, ప్యాడ్స్ వాయిస్తున్న కుర్రాడు చేతులు గాల్లో ఆపి చుట్టూ చూస్తాడు. ఆ రెండు మూడు క్షణాల్లో పాట ఏ దారి పడుతుందో తేలిపోతుంది. ఒక్కోసారి అందరూ నోళ్లు మూసుకుని జనరేటర్ ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూస్తారు. ఒక్కోసారి ముందు చాప మీద కూర్చున్న పెద్దావిడ ఎవరో పల్లవి అందుకుంటారు, వెనకనుంచి ఇంకొన్ని గొంతులు కలుస్తాయి, పాట సాగిపోతుంది.

క్రైస్తవ ఆరాధనలో వాయిద్యాలు లేకుండా పాడే సంప్రదాయం గురించి వాదన వచ్చినప్పుడల్లా అది ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. వాయిద్యం దేవునికి ఇష్టమా, కాదా? ఈ ప్రశ్న మీద సంఘాలు చీలిపోయాయి కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ చరిత్రను దగ్గరగా చూస్తే దానికంటే ఎక్కువ సంగతులు బయటపెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. వాయిద్యం పాటకు కొన్ని పనులు చేసిపెడుతుంది. శ్రుతి ఇస్తుంది. లయ తప్పకుండా చూస్తుంది. వరస రానివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పీల్చుకోవడానికి కాస్త జాగా ఇస్తుంది. దాన్ని తీసేస్తే ఆ పనులు ఎక్కడికీ పోవు, ఎవరో ఒక మనిషి నెత్తిన వేసుకోవాలి. ఆ మనిషి ఎవరు? దీనికి ఒక్కో కాలం, ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పాయి.

ముందు పేరు సంగతి. వాయిద్యం లేని పాటను ప్రపంచమంతా ‘అ కపెల్లా’ అంటుంది. ఇటాలియన్‌లో ఆ మాటకు ‘చాపెల్‌లో పాడే తీరు’ అని అర్థం. రోమ్‌లో పోప్ ప్రార్థించే సిస్టీన్ చాపెల్‌లో గాయకబృందం ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి పంపి మోగించే పెద్ద వాయిద్యం) తోడు లేకుండా పాడేది. 16వ శతాబ్దంలో పాలెస్ట్రీనా లాంటి స్వరకర్తలు నాలుగు, ఐదు, ఆరు గొంతులను అల్లి చేసిన రచనలు ఆ తీరుకు మచ్చుతునకలుగా నిలిచాయి. అదే కాలంలో యూరప్‌లోని చాలా పెద్ద చర్చిల్లో ఆర్గన్, ఊదే వాయిద్యాలు గొంతులతో కలిసి మోగేవి, అంటే సిస్టీన్ పద్ధతి అప్పటికే ఒక మినహాయింపు. పేరు అక్కడినుంచి వచ్చింది గానీ, అలవాటు మాత్రం దానికంటే దాదాపు 1500 ఏళ్లు పాతది.

యెరూషలేము దేవాలయంలో వాయిద్యాలకు కొదవ లేదు. లేవీయులు తాళాలు, స్వరమండలాలు, సితారాలు పట్టుకుని నిలబడేవారని బైబిల్లోని దినవృత్తాంతాలు చెబుతాయి. 150వ కీర్తనలో బూర నుంచి పిల్లనగ్రోవి దాకా వరసపెట్టి పేర్లు వస్తాయి. అయితే అదంతా దేవాలయంలో, బలి అర్పించే చోట, ఆ పనికే పుట్టిన ఒక గోత్రం చేతిలో ఉన్న సంగీతం. ఊరూరా ఉండే యూదుల సమాజమందిరంలో అలాంటి వాద్యబృందం ఉండేది కాదు. అక్కడ లేఖనం చదవడం, ప్రార్థించడం ప్రధానం. సా.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చేశాక లేవీయుల సంగీతానికి చోటే లేకుండా పోయింది. క్రైస్తవులు అప్పటికే ఇళ్లలో, ఒక్కోసారి చాటుగా కూడుకుంటున్నారు. కడరాత్రి భోజనం తర్వాత యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి, మార్కు రాశారు. ఫిలిప్పీ చెరసాలలో కాళ్లకు బొండ వేసి ఉండగా పౌలు, సీల అర్ధరాత్రి పాడుతుంటే తక్కిన ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఈ పాటలకు సితారా ఉందో లేదో చెప్పాల్సిన అవసరం రాసినవాళ్లకు కలగలేదు.

బయటివాళ్లు చెప్పిన సాక్ష్యం ఒకటి ఉంది, అది చాలా విలువైనది. సుమారు 112లో బితూనియ (నేటి టర్కీలో ఉంది) ప్రాంతపు గవర్నర్ ప్లినీ, క్రైస్తవులను ఏం చెయ్యాలో అడుగుతూ రోమన్ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. విచారణలో తేలిందేమిటంటే, వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా భావించి వంతులవారీగా ఒక గీతం చెప్పుకునేవారట. ఆ ‘వంతులవారీగా’ అన్న మాట చిన్నది గానీ అర్థం పెద్దది. ఒకరు పాడి మిగతావాళ్లు వినే సభ కాదది. ఒక వైపు అంటే మరో వైపు అందుకుంటుంది. పాటను మోసే పనికి మొట్టమొదట దొరికిన జవాబు ఇదే.

తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్లలో సంఘ పెద్దలు వాయిద్యాలను గట్టిగా వ్యతిరేకించడం మొదలుపెట్టారు. కారణాలు అర్థం కావాలంటే అప్పటి పట్టణాల్లో పిల్లనగ్రోవి ఎక్కడ వినిపించేదో గుర్తుంచుకోవాలి. రోమన్ల బలుల దగ్గర అది ఆగకుండా మోగేది. అపశకునపు శబ్దమేదీ చెవిన పడకుండా ఉండటానికే దాన్ని వాయించేవారు. తాగి తూలే విందుల్లో, నాటకశాలల్లో కూడా అదే మోగేది. అలాంటి చోట్లనుంచి బయటపడి బాప్తిస్మం తీసుకున్న మనిషికి ఆ శబ్దం వింటే పాత జీవితమే కళ్లముందు కదిలేది. సుమారు 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ విందు సంగీతాన్ని తీవ్రంగా ఖండించాడు. 150వ కీర్తనలోని వాయిద్యాలను మనిషి శరీరంతో పోల్చి, సితారా అంటే నోరని వివరించాడు. అదే క్లెమెంట్, ఇంట్లో సితారా మీటుతూ పాడుకుంటే తప్పేమీ లేదని కూడా అన్నాడు. క్లెమెంట్‌ను తమవైపు సాక్షిగా పిలిచే ఇరుపక్షాలూ అతని మాటల్లో సగమే చెబుతుంటాయి.

అతని తర్వాత 4వ శతాబ్దపు బోధకుడు జాన్ క్రిసోస్తమ్ ఇంకో మెట్టు ఎక్కి, పాతనిబంధనలో వాయిద్యాలు యూదుల బలహీనతను చూసి దేవుడు ఇచ్చిన సడలింపు అన్నాడు. ఈ వాదనలో యూదుల పట్ల చిన్నచూపు ఉంది. తర్వాతి శతాబ్దాల్లో వాయిద్యాలను వద్దన్నవాళ్లు చాలామంది ఆ చిన్నచూపును కూడా మోసుకొచ్చారు. 13వ శతాబ్దంలో వేదాంతి తోమస్ అక్వినాస్ కూడా, యూదులను అనుకరించినట్టు కనబడకూడదని సంఘం సితారాల్లాంటివి వాడదని రాశాడు. గొంతుతోనే పాడాలనే కోరికను అర్థం చేసుకోవచ్చు. దానికి ఇంకొకరి ఆరాధనను తక్కువ చెయ్యాల్సిన అవసరం మాత్రం లేదు.

క్రిసోస్తమ్ కాలం మనుషుల్లో, తర్వాత బిషప్ అయిన అగస్టీన్ అంత నిజాయితీగా దీని గురించి రాసినవాళ్లు తక్కువ. 386లో మిలాన్‌లో ఆంబ్రోస్ బిషప్‌గా ఉండగా, రాజమాత జస్టీనా ఒక చర్చిని తన పక్షంవాళ్లకు ఇచ్చెయ్యమని సైనికులను పంపింది. జనం చర్చి వదలకుండా లోపలే ఉండిపోయారు. భయంతో, దిగులుతో జనం నీరసించిపోకుండా తూర్పు దేశాల పద్ధతిలో స్తోత్రగీతాలు, కీర్తనలు పాడించడం అప్పుడే మొదలైందని అగస్టీన్ చెబుతాడు. ఆ జనంలో అతని తల్లి మోనికా కూడా ఉంది. ఆ పాటలు విని తాను ఏడ్చానని అతనే రాసుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత అదే మనిషికి సందేహం పట్టుకుంది. మాట కంటే వరసే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని, అలాంటప్పుడు పాట వినకుండా ఉంటేనే మేలనిపిస్తుందని ఒప్పుకున్నాడు. అతను గొడవపడుతున్నది పిల్లనగ్రోవితోనో సితారాతోనో కాదు, ఉత్త గొంతుతో! వాయిద్యాన్ని బయటికి పంపితే సంగీతపు ప్రమాదం కూడా పోతుందని అనుకునేవాళ్లు ఈ పేజీలు ఒకసారి చదవాలి.

తూర్పు సంఘం ఈ దారిని ఈనాటి వరకూ వదల్లేదు. ఆర్థడాక్స్ ఆరాధనలో గొంతే పాడుతుంది. బైజాంటైన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఆర్గన్ లేదా అంటే ఉంది. రాజభవనంలో, రథపందేల మైదానంలో మోగేది, చర్చిలోకి మాత్రం రాలేదు. 757లో బైజాంటైన్ చక్రవర్తి ఐదో కాన్‌స్టాంటైన్ ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గన్‌ను కానుకగా పంపాడు. అది రాజులు రాజులకు పంపుకునే కానుక. తూర్పు తన చర్చి గుమ్మం దాటనివ్వని ఆ యంత్రాన్ని పడమర తర్వాతి శతాబ్దాల్లో చర్చి గోడకే బిగించుకుంది. ఇవాళ చర్చి సంగీతం అనగానే గుర్తొచ్చేది అదే శబ్దం.

మరి తూర్పున శ్రుతి పట్టుకునే పని ఎవరిది? బైజాంటైన్ గానంలో ‘ఇసోన్’ అనే పద్ధతి ఉంది. ఒకరో, ఒక చిన్న గుంపో ఒకే స్వరాన్ని కింద ఆపకుండా పట్టుకుంటారు, దాని మీద ప్రధాన గాయకుడు వరసను నడిపిస్తాడు. తంబూరా శ్రుతి విని పెరిగిన చెవికి ఇది వెంటనే అందుతుంది. మనకు నాలుగు తీగలు చేసే పనిని అక్కడ మనిషి ఊపిరి చేస్తుంది. ఊపిరి అయిపోతుంది కాబట్టి ఒకరు ఆపినప్పుడు పక్కవారు పట్టుకోవాలి. ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు, కొన్ని శతాబ్దాల కిందట స్థిరపడింది. అంతకుముందు ఆ పనిలో కొంత కట్టడమే చేసేదేమో అనిపిస్తుంది. 537లో కాన్‌స్టాంటినోపుల్‌లో చర్చిగా పూర్తయిన హేగియా సోఫియాలో ఒక శబ్దం పూర్తిగా ఆగడానికి సుమారు 11 సెకన్లు పడుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడ బెలూన్లు పగలగొట్టి, ఆ మోత ఎలా వ్యాపించి ఎలా సద్దుమణిగిందో రికార్డు చేశారు. ఆ లెక్కలతో కంప్యూటర్‌లో ఆ గుమ్మటాన్ని తిరిగి సృష్టించి, కపెల్లా రొమానా అనే గాయకబృందంతో పాత గీతాలు పాడించారు. 2019లో వచ్చిన ఆ ఆల్బమ్ వింటే, పాడిన స్వరం పోకుండా తర్వాతి స్వరం కింద నిలబడి ఉండటం వినిపిస్తుంది. అలాంటి చోట వేగంగా పాడితే మాటలన్నీ ముద్దయిపోతాయి. నిదానం అక్కడ భక్తి వల్ల వచ్చినంతగా రాయి వల్ల కూడా వచ్చింది.

రష్యాలో అదే నియమం ఇంకో రూపం తీసుకుంది. చర్చిలో గంటలు తప్ప వాయిద్యం లేదు, కానీ గాయకబృందం పెరిగి పెరిగి ఒక పెద్ద వాయిద్యమే అయింది. 1915లో స్వరకర్త రాఖ్మానినోవ్ చేసిన రాత్రి జాగరణ ఆరాధన సంగీతంలో అట్టడుగు మగగొంతులు పాడే స్వరాలు విన్నప్పుడు, ఇది మనుషుల శబ్దమేనా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది. అంత గొప్ప సంగీతం ముందు జనం మాత్రం మౌనంగా నిలబడి వినాల్సిందే. సిస్టీన్ చాపెల్ కథ కూడా ఇదే. వాయిద్యం లేనంత మాత్రాన పాట సంఘానిది అయిపోదు. శిక్షణ పొందిన ఇరవై ముప్పై మంది చేతికి వెళ్లిపోయే అవకాశం కూడా అంతే ఉంది.

ఈ చేదును బాగా గుర్తించినవాళ్లు 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు. అయితే అందరూ ఒకే మందు వెయ్యలేదు. జ్యూరిక్‌లో జ్వింగ్లీ చాలా వాయిద్యాలు వాయించగల మంచి సంగీతజ్ఞుడు. ఆరాధనలో సంగీతానికి లేఖనాధారం లేదని ఆయన తేల్చాడు. 1527లో పెద్ద చర్చిలోని ఆర్గన్‌ను విప్పేశారు, ఆర్గన్‌తోపాటు పాట కూడా పోయింది. 1598 దాకా జ్యూరిక్ చర్చిల్లో ఆరాధన పాట లేకుండానే జరిగింది. డెబ్బై ఏళ్లంటే రెండు మూడు తరాలు చర్చిలో పాట వినకుండానే పెరిగాయి. సంగీతం అంతగా తెలిసిన మనిషే ఈ పని చెయ్యడం చరిత్రలో మనసును కలచివేసే విషయాల్లో ఒకటి.

జెనీవాలో కాల్విన్ వేరే దారి పట్టాడు. ఆర్గన్ వద్దు, పాట కావాలి, అదీ జనమే పాడాలి. దావీదు కీర్తనలను ఫ్రెంచ్ ఛందస్సులోకి తెచ్చే పనిని క్లెమాన్ మారో మొదలుపెడితే తియొడోర్ బెజా పూర్తిచేశాడు. 1562లో 150 కీర్తనలూ 120కి పైగా వరసలతో అచ్చయ్యాయి. చర్చిలో అందరూ ఒకే వరస పాడాలి. నాలుగు గొంతుల అల్లికలు ఇంట్లో పాడుకోవడానికి. మరి తరతరాలుగా నోరు మెదపని జనానికి వరస నేర్పేదెవరు? 1537లోనే జెనీవా నగరసభకు ఇచ్చిన ప్రతిపాదనలో దీనికి జవాబు ఉంది. ముందు పిల్లలకు నేర్పాలి, వాళ్లు చర్చిలో స్పష్టంగా గట్టిగా పాడాలి, పెద్దవాళ్లు విని మెల్లగా అందుకోవాలి. ఆర్గన్ ఖాళీ చేసిన చోట బడిపిల్లలను నిలబెట్టారన్నమాట. ఇంతకంటే అందమైన ఆలోచన ఈ మొత్తం చరిత్రలో కనబడదు.

అన్నిచోట్లా ఇది ఇంత చక్కగా కుదరలేదు. డచ్ చర్చిల్లో కీర్తనలు రానురాను నత్తనడక నడిచి, ఎవరి దారి వారిదై, చివరికి 1641లో కవి, రాజనీతిజ్ఞుడు కాన్‌స్టాంటైన్ హైగెన్స్ ఆర్గన్ తోడు ఉండాలని ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. అక్కడ ఆర్గన్లను కూలగొట్టలేదు. అవి పట్టణాల ఆస్తిగా మిగిలాయి కాబట్టి వెనక్కి పిలవడం తేలికైంది.

స్కాట్లండ్‌లో చాలాకాలం పిలవలేదు. అందుకే గొంతు ఎంత దూరం పోగలదో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. అక్కడ పాట ఎత్తుకునే మనిషికి ‘ప్రిసెంటర్’ అని పేరు. పాస్టర్ ప్రసంగించే పల్పిట్ కింద కూర్చునేవాడు. వరస ఎంచుకోవడం, శ్రుతి పట్టడం, వేగం నిర్ణయించడం అన్నీ అతని పనే. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి, ఒక్కో పాదాన్ని ముందు చదివి తర్వాత సంఘంతో పాడించాలని 1645లో లండన్‌లో కూడిన వెస్ట్‌మిన్‌స్టర్ మతసభ సిద్ధం చేసిన ఆరాధన క్రమం సూచించింది. తాత్కాలికంగా చేసిన ఏర్పాటు అది. చదువు వచ్చాక ఆగిపోవాల్సింది. కానీ పడమటి దీవుల్లో, ముఖ్యంగా లూయిస్ దీవిలో, అక్కడివాళ్ల గేలిక్ భాషలో అదే ఒక కళగా మారిపోయింది.

అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ప్రిసెంటర్ పాదాన్ని వేగంగా, ఎత్తైన గొంతుతో పలుకుతాడు. ఆఖరి అక్షరం నోట్లో ఉండగానే సంఘం అందుకుంటుంది. అందరూ పాడేది ఒకే వరస, కానీ ఎవరూ ఒకేలా పాడరు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ తమ గొంతుకు వచ్చిన చిన్న గమకాలు వేసుకుంటూ, తమ వేగంతో వెళతారు. కొందరు ముందు చేరతారు, కొందరు వెనక చేరతారు. వినడానికి అది ఒడ్డుకొచ్చే అలలా ఉంటుంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ విరిగిందో గీత గీసి చూపలేం. హార్మోనియం పెట్టి అందరినీ ఒకే మెట్టు మీద నిలబెడితే ఈ సంగీతం ఆ క్షణమే చచ్చిపోతుంది. వాయిద్యం లేకపోవడం ఇక్కడ లోటు కాదు, ఈ పాట పుట్టడానికి కారణమే అది.

అక్కడి ఇంకో అలవాటు చెప్పుకోకుండా ఉండలేం. కీర్తనల మాటలు పవిత్రమైనవి కాబట్టి వాటితో ప్రాక్టీసు చెయ్యకూడదనుకునేవారు. వారం మధ్యలో వరసలు నేర్చుకునేటప్పుడు అదే కొలతలో ఏవో మామూలు పద్యాలు కట్టుకుని పాడేవారు. దేవుని మాట ఆదివారం సంఘం నోట మాత్రమే పలకాలి. మన చాలా సంఘాల్లో పాటను ‘ఐటమ్’ అనడం వినేవాళ్లకు ఈ జాగ్రత్త కొంచెం ఆలోచన కలిగించాలి.

ఒకరు పాదం చెబితే అందరూ తిరిగి పాడటం మన తెలుగు పల్లెలకు కొత్తేమీ కాదు. భజనల్లో ఉన్నదే, క్రైస్తవ కూటాల్లోనూ ఉంది. 1803లో పుట్టి 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి మొదలుకొని మన కీర్తనకారులు రాసినవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చూస్తే, పాట పైన రాగం పేరు, తాళం పేరు, కింద సాహిత్యం ఉంటాయి. స్వరం ఉండదు. అంటే పుస్తకం పాటలో సగమే. మిగతా సగం ఎవరి గొంతులోనో ఉండాలి. అక్షరం రాని అవ్వకు నలభై కీర్తనలు వరసలతో సహా వచ్చి ఉంటాయి, ప్రతి ఆదివారం ఆమె గొంతు మీదుగానే అవి పక్క తరానికి వెళతాయి. వరస తెలిసిన గొంతు లేకపోతే ‘కాంభోజి, ఆది’ అన్న అచ్చు అక్షరాలు మాత్రం మిగులుతాయి.

అమెరికాలో పాట మోసే పని మీద బహిరంగంగానే గొడవ జరిగింది. ఇంగ్లండ్‌నుంచి వెళ్లిన ప్యూరిటన్లు అనే ప్రొటెస్టెంట్లు 1640లో మసాచుసెట్స్‌లో అచ్చువేసిన మొదటి పుస్తకమే కీర్తనల పుస్తకం. ఎనభై ఏళ్లు గడిచేసరికి పాదం చెప్పి పాడించే పద్ధతి అక్కడా ముదిరింది. 500 వేర్వేరు వరసలు ఒకేసారి అరుస్తున్నట్టు ఉందని 1721లో రాక్స్‌బరీ పాస్టర్ థామస్ వాల్టర్ మొరపెట్టుకున్నాడు. లూయిస్ దీవిలో సౌందర్యంగా వినిపించేదీ, వాల్టర్‌కు అరుపుగా వినిపించినదీ బహుశా దగ్గరి చుట్టాలే. చదువుకున్న పాస్టర్లు స్వరం చూసి పాడటం నేర్పాలన్నారు. దాంతో ఊరూరా తిరిగే పాటల బడులు వచ్చాయి.

ఆ బడులనుంచి ఒక తెలివైన ఉపాయం పుట్టింది. 1801 ప్రాంతంలో వచ్చిన ఒక పాఠ్యపుస్తకం స్వరాల గుర్తులకు ఆకారాలు ఇచ్చింది. ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మీ వజ్రం. గీతల లెక్క తెలియని రైతు కూడా ఆకారం చూసి స్వరం పట్టేస్తాడు. 1844లో జార్జియాకు చెందిన ఇద్దరు సంగీత గురువులు వైట్, కింగ్ తెచ్చిన ‘సేక్రెడ్ హార్ప్’ పుస్తకం ఈ పద్ధతికే పేరైపోయింది. ఆ పేరుకు అర్థం పవిత్ర వీణ. ఆ వీణ మనిషి గొంతేనని పాడేవాళ్లు చెబుతారు. వాళ్లు నాలుగు వైపులా నాలుగు గొంతులవారుగా, మధ్యలో ఖాళీ చతురస్రం వదిలి, ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. నడిపించేవారు మధ్యలో నిలబడతారు. ఆ చోటు ఒకరి సొత్తు కాదు, పాట పాటకూ మారుతుంది. ముందు పాటంతా స్వరాల పేర్లతో పాడి, తర్వాత మాటలతో పాడతారు. గీతమో వర్ణమో స్వరం పాడి సాహిత్యం పాడటం నేర్చుకున్నవాళ్లకు ఇది సొంత ఇంటి అలవాటులా తోస్తుంది. ప్రేక్షకులకు కుర్చీలు ఉండవు. పాట అందంగా వినిపించే చోటు ఆ ఖాళీ చతురస్రం ఒక్కటే.

అదే దేశంలో వాయిద్యం లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండేది. 1739లో బానిసల స్టోనో తిరుగుబాటు తర్వాత, 1740లో దక్షిణ కరోలినా చట్టం బానిసల చేతుల్లోంచి డోళ్లు, బూరలు లాక్కుంది. వాటితో సంకేతాలు పంపుకుంటారని యజమానుల భయం. తెల్లవాళ్ల చర్చిలో విన్న కీర్తనను, పాదం చెప్పి పాడే పద్ధతిని ఆ మనుషులు తీసుకుని, చప్పట్లు, పాదాల తాటింపు, తమ సొంత గొంతుల తీరు కలిపి వేరే సంగీతం చేసుకున్నారు. 1871లో, విడుదలైన బానిసల కోసం పెట్టిన ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ పాటలను ఊరూరా పాడి, మూతపడబోతున్న తమ బడిని నిలబెట్టుకున్నారు. వాయిద్యం లేని పాట చరిత్రనంతా సిద్ధాంతాల చరిత్రగా రాసేవాళ్లు ఈ అధ్యాయం దగ్గర తప్పటడుగు వేస్తారు. ఇక్కడ వాయిద్యాన్ని తీసేసింది వేదాంతం కాదు, చట్టం.

సిద్ధాంతం కోసం నిజంగా చీలిపోయినవాళ్ల కథ కెంటకీ రాష్ట్రంలోని మిడ్‌వే అనే చిన్న ఊరితో మొదలవుతుంది. 1860 ప్రాంతంలో అక్కడి సంఘంలో పాట మరీ అధ్వాన్నంగా ఉండేది. శనివారం రాత్రి పాడటం నేర్చుకుందామని కూడుకున్నారు. శ్రుతి అందుకోవడానికి మెలోడియన్ అనే చిన్న హార్మోనియం లాంటి పెట్టె తెచ్చారు. కొన్నాళ్లకు అది శనివారం దాటి ఆదివారంలోకి వచ్చేసింది, గొడవ మొదలైంది. కొత్త నిబంధనలో వాయిద్యం గురించి ఆజ్ఞ లేదు కాబట్టి వాడకూడదని ఒక పక్షం, నిషేధం లేదు కాబట్టి వాడొచ్చని ఇంకో పక్షం. ఎఫెసీ పత్రికలో ‘కీర్తించుచు’ అన్నచోట గ్రీకులో ఉన్న ‘ప్సాల్లో’ అనే క్రియకు పూర్వం తీగ మీటడం అనే అర్థం ఉండేది, తర్వాత పాడటం అనే అర్థం వచ్చింది. ఆ ఒక్క మాట మీదే వందల పేజీలు రాసుకున్నారు. అంతర్యుద్ధంలో చితికిపోయిన దక్షిణాది పల్లె సంఘాలు ఎక్కువగా గొంతు పక్షాన నిలిచాయి, ఉత్తరాది పట్టణ సంఘాల్లో ఆర్గన్లు వెలిశాయి. డబ్బు తేడా కూడా ఈ చీలికలో పాలుపంచుకుంది. 1906 అమెరికా మత గణనలో వాయిద్యం వద్దన్న సంఘాలను ‘చర్చెస్ ఆఫ్ క్రైస్ట్’ పేరుతో విడిగా లెక్కేశారు. మౌనంగా ఉన్న లేఖనం నుంచి ఆజ్ఞను పిండడం రెండు పక్షాలకూ కష్టమే. ఆ వాదనలో ఎవరు గెలిచారన్నదానికంటే, ఓడకూడదనే పట్టుదలతో దక్షిణాది సంఘాలు వందేళ్లపాటు ప్రతి పిల్లవాడికీ నాలుగు గొంతుల పాట నేర్పాయన్నది పెద్ద విషయం.

20వ శతాబ్దం రెండో భాగంలో ఆ సంఘాల మిషనరీలు కోస్తా ఆంధ్రకు వచ్చారు. ఇవాళ ‘క్రీస్తు సంఘం’ పేరుతో కనిపించే మందిరాల్లో వాయిద్యం లేని ఆరాధన అలా వచ్చిందే. అక్కడి నాలుగు గొంతుల అల్లిక ఇక్కడ పెద్దగా నాటుకోలేదు. మన పాట ఒంటి వరస పాట, దానికి అల్లిక కంటే గమకం ముఖ్యం. అందువల్ల సిద్ధాంతం అమెరికాది, పాడే తీరు మాత్రం మనది.

స్కాట్లండ్‌లో కథ 2010లో మలుపు తిరిగింది. కీర్తనలు మాత్రమే, అదీ వాయిద్యం లేకుండా పాడిన ఫ్రీ చర్చ్ అనే అక్కడి సంఘాల కూటమి, ఆ ఏడాది నవంబరులో స్వల్ప తేడాతో నియమం సడలించింది. ఇతర గీతాలు, వాయిద్యాలు వాడుకోవచ్చా లేదా అన్నది ఇక ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకోవచ్చు. కొందరు పాస్టర్లు దాన్ని భరించలేక వెళ్లిపోయారు. లూయిస్‌లో గేలిక్ కీర్తనకు వచ్చిన ముప్పు మాత్రం గిటార్‌నుంచి కాదు, భాషనుంచి. గేలిక్ మాట్లాడే పిల్లలు తగ్గుతున్నారు. గేలిక్ రానివాడు ఆ పాదాన్ని చెప్పలేడు, చెప్పకపోతే అందుకునేవాళ్లు ఉండరు.

ఇప్పుడు ఫోన్‌లో ట్యూనర్ ఉంది, ట్రాక్ ఉంది, కావాలంటే శ్రుతి పెట్టె యాప్ కూడా ఉంది. వాయిద్యం వాడని సంఘాల్లో పాట మొదలయ్యే తీరు మాత్రం ఇప్పటికీ పాతదే. పుస్తకంలో పాట నంబరు చెబుతారు, పేజీలు తిరుగుతాయి, ఒకరు గొంతు సవరించుకుని ఎత్తుకుంటారు. ఆ మొదటి స్వరం పైన పడితే అనుపల్లవి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ల గొంతులు బిగుసుకుంటాయి, మగవాళ్లు ఒక్కొక్కరే కింది స్థాయికి జారుకుంటారు. చరణం ఎలాగూ అందదని తెలిసిపోతుంది. పాట ఎత్తుకున్న మనిషి ఆగి, ఒక ఊపిరి తీసుకుని, రెండు మెట్లు దిగి మళ్లీ మొదలుపెడతాడు. ఎవరూ నవ్వరు. మొదటిసారి కలవని గొంతులు కూడా ఈసారి పల్లవి దగ్గరే కలుస్తాయి.